ఈశాన్యపు గాలి - నెల్లూరు తీరము

ఆషాఢమున మబ్బు పట్టగానే తెలంగాణమున రైతు అరక కట్టును. నెల్లూరు జిల్లాలోని కొడవలూరు రైతు అంత తొందరపడడు. అతని చూపు తూర్పు దిక్కున, చిత్త, స్వాతి కార్తెల మీద నుండును. నైఋతి ఋతుపవనము సహ్యాద్రి నెక్కునప్పుడే తన నీటిలో అధికభాగమును విడిచి, ఈ తీరమునకు పలుచబడి చేరును. ఇచట ఏడాది వర్షములో సగమునకు మించి అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలలోనే కురియును.

గాలి ఇట్లు దిక్కు మార్చుకొనుటకు కారణమేమి? వేసవిలో నేల వేడెక్కి సముద్రము మీది గాలిని లాగుకొనుననియు, చలికాలమున అది ఎదురు తిరుగుననియు 1686 లో ఎడ్మండ్ హేలీ వివరించి, పవనముల పటమునొకదానిని ప్రకటించెను. తోకచుక్క పేరుతో మనమెరిగిన హేలీయే ఇతడు. గాలి ఏటవాలుగా ఏల వీచునో మాత్రము ఆయన సరిగా చెప్పలేకపోయెను. భూభ్రమణమే అందుకు కారణమని 1735 లో జార్జి హాడ్లీ సూచించెను. ఉత్తరభూమి నుండి పొడిగా బయలుదేరిన ఈశాన్యపు గాలి బంగాళాఖాతము దాటునప్పటికి తేమ త్రాగి వచ్చి, నెల్లూరు చెరువులను నింపును.

నింపు గాలియే ముంచుటయు కలదు. 1789 డిసెంబరులో గోదావరి ముఖమునందలి కోరంగి రేవు మీద మూడు పెనుకెరటములు ఒకదాని వెంట నొకటి వచ్చిపడెను. ఇట్టి తుపానులను గూర్చి నావికులు వ్రాసియుంచిన దినచర్యలను కలకత్తాలో కూర్చుండి పోల్చి చూచినవాడు హెన్రీ పిడింగ్టన్. తుపానులో గాలి సుడి తిరుగునని అతడు గుర్తించి, పాము చుట్టను తలపించు గ్రీకు మాట నుండి 'సైక్లోన్' అను పేరు కల్పించి, 1848 లో తన గ్రంథమున ప్రకటించెను. పేరు వచ్చినది గాని, తీరమునకు ముందుగా కబురు చేర్చు ఏర్పాటు రాలేదు. 1864 అక్టోబరులో కలకత్తా, నవంబరు 1 న మచిలీపట్నము తుపాను వాత పడెను. మచిలీపట్నపు ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించిరి. పిమ్మట 1866 లో, 1871 లో వానలు తప్పెను. ఇన్ని దెబ్బలు తగిలిన మీదట 1875 లో భారత వాతావరణ శాఖ ఏర్పడెను; హెన్రీ బ్లాన్‌ఫర్డ్ దాని తొలి అధికారి.

మన అర్ధగోళమున ఈ సుడి గడియారపు ముల్లునకు ఎదురుగా తిరుగును. కావున తుపాను కన్ను తూర్పు తీరమును దాటిన చోటికి ఉత్తరమున గాలి సముద్రపు నీటిని నేల మీదికి త్రోయును. దక్షిణమున నేల నుండి సముద్రము వైపునకు వీచును. 1989 నవంబరులో ఒక తీవ్రమైన తుపాను కావలి దగ్గర తీరము దాటెను. కొడవలూరు కావలికి దక్షిణమున నున్నది. ఆ కన్నే నెల్లూరునకు దక్షిణముగా దాటియుండిన, ఉప్పెన దెబ్బ ఈ వైపునకు తగిలియుండెడిది. అట్టి దెబ్బ ఎట్టిదో 1977 నవంబరు 19 న దివిసీమ చవిచూచినది.

దక్షిణమున పులికాటు సరస్సునకును సముద్రమునకును నడుమ నున్న శ్రీహరికోట దీవికి ఈ ఋతుక్రమమే మేలు చేసినది. అచట భారీవర్షములు ముఖ్యముగా అక్టోబరు, నవంబరులలోనే కురియుటచే తక్కిన మాసములలో తేట దినములు చాల దొరకును. 1969 లో రాకెట్ల కేంద్రమునకై ఆ దీవిని ఎంపిక చేసిరి. చిత్రమేమన, అచటి నుండి తొలి రాకెట్టు ఎగిరినది 1971 అక్టోబరు 9 న, వానల నెలలోనే!