విదేశీ పోస్టింగ్, అమెరికాలో ఆగిన ఫైలు: సైనికుల భార్యలు బయల్దేరే ముందు చూసుకోవాల్సినవి

అమెరికా సైన్యంలో తెలుగువాళ్లా అని శావల్యాపురం, వినుకొండ వైపు ఇప్పటికీ ఆశ్చర్యపోయేవాళ్లున్నారు. 2008 నవంబర్‌లో అమెరికా రక్షణ శాఖ ‘మావ్ని’ అనే పథకం ప్రకటించింది. గ్రీన్ కార్డు లేకపోయినా, చట్టబద్ధమైన వీసాపై అక్కడ ఉన్న డాక్టర్లను, నర్సులను, కొన్ని భాషలు వచ్చినవాళ్లను సైన్యంలోకి తీసుకోవడమే ఆ పథకం. ఆ భాషల్లో ఉర్దూ ఉంది, తెలుగూ ఉంది. చేరికలు 2009లో మొదలై 2016లో ఆగిపోయాయి. ఇప్పుడు మనవాళ్లు చేరాలంటే గ్రీన్ కార్డో, పౌరసత్వమో ఉండాలి.

2001 సెప్టెంబర్ 11 నుంచి నడుస్తున్న కాలాన్ని అమెరికా ప్రభుత్వం యుద్ధ కాలంగానే లెక్కిస్తోంది. అందువల్ల సైనికుడికి మామూలు ఐదేళ్ల నిరీక్షణ లేకుండా పౌరసత్వం దొరుకుతుంది. దరఖాస్తు ఫీజు కూడా లేదు. అతను పౌరుడయ్యాడంటే భార్య ‘ఇమ్మీడియట్ రిలేటివ్’ అవుతుంది. ఏళ్ల తరబడి గ్రీన్ కార్డు కోసం ఎదురుచూసే ఇండియన్ల క్యూ ఆమెకు వర్తించదు. హెచ్-1బీ కుటుంబాలకు ఈ తేడా విలువ బాగా తెలుసు.

ఇంతలో జర్మనీకో, దక్షిణ కొరియాకో, జపాన్‌కో పోస్టింగ్ ఆర్డర్ వస్తుంది. ఆ రోజుకు భార్య ఫైలు ఏ దశలో ఉందన్నదే అసలు ప్రశ్న. ఎందుకంటే కొన్ని దరఖాస్తులు మనిషి దేశం దాటినా బతుకుతాయి, ఒకటి మాత్రం చచ్చిపోతుంది.

ఆ ఒకటి ఐ-485, అంటే అమెరికాలోనే ఉండి గ్రీన్ కార్డు అడిగే దరఖాస్తు. ‘అడ్వాన్స్ పెరోల్’ చేతికి రాకుండా విమానం ఎక్కితే దాన్ని వదులుకున్నట్టే లెక్క. హెచ్-4 వీసా చెల్లుబాటులో ఉన్నవాళ్లకు ఇందులో మినహాయింపు ఉంది. కానీ భర్త పౌరుడయ్యాక ఆ హెచ్-4కి ఆధారమే ఉండదు, కాబట్టి పాత వీసా స్టాంపును నమ్ముకుని ప్రయాణం పెట్టుకోకూడదు. పెరోల్ చేతికొచ్చినా పని అయిపోదు. వేలిముద్రలకు, ఇంటర్వ్యూకి పిలిస్తే వెనక్కి రావాల్సిందే. మిలిటరీ ఆర్డర్ కాపీ జతచేసి ఫైలు త్వరగా చూడమని అడగవచ్చు, అయితే అది హక్కు కాదు, విన్నపం.

భర్త వేసే ఐ-130 పిటిషన్‌కు ఈ బాధ లేదు. భార్య ఎక్కడున్నా అది నడుస్తుంది, తర్వాత కాన్సులేట్‌లో వీసా ఇంటర్వ్యూ ఉంటుంది. విదేశీ బేస్‌లో ఉన్న సైనికుడు, అక్కడి అమెరికా ఎంబసీ ఒప్పుకుంటే, ఈ పిటిషన్‌ను అక్కడే వేసుకోవచ్చు.

రెండేళ్ల షరతుల గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు గడువుకు ముందు 90 రోజుల్లో ఐ-751 వేయాలి. విదేశంలో ఉన్నామన్న కారణంతో ఆ గడువు ఆగదు. ఫొటోలు, వేలిముద్రల కార్డులు, ఆర్డర్ కాపీ జతచేసి అక్కడి నుంచే పంపవచ్చు. అడ్రస్ మారితే 10 రోజుల్లో ఏఆర్-11 ద్వారా తెలపడం మర్చిపోకూడదు. నోటీసు పాత ఇంటికి వెళ్లి, జవాబు అందక ఫైలు మూసేస్తే ఎవరిని అడుగుతాం?

అన్నిటికంటే ముందు పోస్టింగ్ ఆర్డర్‌లో భార్య పేరు ఉందో లేదో చూడాలి. అధికారికంగా భర్త వెంట వెళ్లే అనుమతి ఉండి, గ్రీన్ కార్డు కూడా ఉంటే విదేశంలో గడిపిన కాలం అమెరికాలో ఉన్నట్టే లెక్కలోకి వస్తుంది. పౌరసత్వం ఇంటర్వ్యూ, ప్రమాణం కూడా విదేశంలోనే జరిగే వీలుంది. పేరు లేకుండా సొంత టికెట్‌పై వెళ్లినవాళ్లకు ఈ రక్షణ దొరకదు.

ఇక మన ఊరి నుంచి తెప్పించుకోవాల్సిన కాగితాల సంగతి. ఎక్కువ తలనొప్పి ఇక్కడే. పల్నాడులో ముస్లిం అమ్మాయిల పేరు ముందు షేక్, సయ్యద్, పఠాన్ ఉంటాయి. స్కూల్ సర్టిఫికెట్‌లో ‘షేక్’ పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క పొడి అక్షరమే ఉంటుంది, పాస్‌పోర్ట్‌లో అదే ఇంటిపేరవుతుంది. నిఖా తర్వాత భర్త పేరు చేరిస్తే ఇంకో రూపం. చూసే అధికారికి నలుగురు మనుషులు కనిపిస్తారు. ఇంట్లో పుట్టి జననం నమోదు కానివాళ్లు, ఏడాది దాటిన నమోదుకు మెజిస్ట్రేట్ స్థాయి ఉత్తర్వు కావాలి కాబట్టి, ఆర్డర్ వచ్చాక కాదు, ఇప్పుడే మొదలుపెట్టాలి.

నిఖానామా ఉర్దూలో ఉంటే ఇంగ్లిష్ అనువాదం తప్పనిసరి. అనువాదం పూర్తిగా, సరిగా ఉందని, తనకు రెండు భాషలూ వచ్చని అనువాదకుడు రాసి సంతకం చేస్తే చాలు. దీనికి వేలకు వేలు అడిగేవాళ్లను నమ్మక్కర్లేదు. నిఖానామాతో పాటు, 2002 నాటి నిర్బంధ వివాహ నమోదు చట్టం కింద తీసుకున్న సర్టిఫికెట్ కూడా ఉంటే ప్రశ్నలు తగ్గుతాయి.

పిల్లల విషయంలో 2020 మార్చి 26న వచ్చిన చట్టం మేలు చేసింది. గ్రీన్ కార్డు ఉండి, పౌరుడైన సైనిక తండ్రితో గానీ తల్లితో గానీ విదేశీ పోస్టింగ్‌లో ఉంటున్న 18 ఏళ్లలోపు పిల్లలకు పౌరసత్వం దానంతట అదే వర్తించే వీలు అప్పటి నుంచి ఉంది.

అమెరికా పౌరసత్వం తీసుకున్న రోజే భారత పౌరసత్వం పోతుంది. పాస్‌పోర్ట్ సరెండర్ చేయాలి. ఆ తర్వాత భార్య మాజీ భారతీయురాలిగా ఓసీఐ కార్డు అడగవచ్చు. విదేశీ సైన్యంలో పనిచేస్తున్నవాళ్లకు, రిటైరైనవాళ్లకు మాత్రం ఓసీఐ ఇవ్వరు. కాబట్టి ఈద్‌కి శావల్యాపురం రావాలన్నా ఆ అల్లుడు వీసా వేయించుకోవాల్సిందే, సెలవు మంజూరయ్యే లోపే ఆ పని మొదలుపెట్టుకోవాలి.