కబురు పంపడం వేరు, కబురు చేరడం వేరు

 

పోస్టు కొంచెం పెద్దదే, ఓపికగా చదవండి.

మణికొండలో రూములు తీసుకుని ఉద్యోగాలు చేసుకుంటున్నోళ్లం మేము. ఈ మధ్య ఊరి వాట్సాప్ గ్రూపులో గ్రామసభ తేదీ పెట్టాం. ఇంగ్లిష్‌లో ఉన్న పీడీఎఫ్. కింద వరుసగా బొటనవేళ్లు పడ్డాయి. పని అయిపోయిందనుకున్నాం. తీరా సభ రోజు, పోడు పట్టాల సంగతి అడగాల్సిన పెద్దమనుషుల్లో సగం మంది రాలేదు. ఫోన్ చేస్తే "మాకెవ్వలు చెప్పలే బిడ్డా" అన్నారు. "గ్రూపుల పెట్టినం గదా" అన్నాం మేము. తప్పు ఎవరిదని ఆదివారం రూములో కొట్లాడుకుంటుంటే మన చరిత్రే గుర్తొచ్చింది.

మనోళ్లకు కబురు చేరవేయడం కొత్త కాదు. పుష్యమాసంలో నెలవంక కనబడగానే మెస్రం పెద్దలు కేస్లాపూర్ నుంచి ఎడ్లబండి కడతారు. ఆ బండి ఊరూరా తిరిగి నాగోబా జాతర సంగతి చెబుతుంది. మనిషి వెళ్లి, మనిషి ముందు కూర్చుని, మన భాషలో చెబుతాడు. విన్నోళ్లు అక్కడే ఏదైనా అడగొచ్చు. జాతరకు వేలమంది మెస్రం వంశీయులు వచ్చినా గోవాడ్‌లో వంటకు ఉండేవి 22 పొయ్యిలే. వంతుల ప్రకారం వండుకుంటారు. ఎవరి వంతు ఎప్పుడో అందరికీ తెలుసు. మన ఆఫీసుల్లో పొద్దున్నే నిలబడి 'ఈరోజు ఎవరు ఏం చేస్తారు' అని మాట్లాడుకునే మీటింగ్ లక్ష్యం కూడా ఇదే కదా!

1940లో జోడేఘాట్‌లో భీం నేలకొరిగాక నైజాం సర్కారు కళ్లు తెరిచింది. గోండుల బాధలు తెలుసుకోమని హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన చొరవతోనే ఆ దశాబ్దంలో కేస్లాపూర్ జాతరలో దర్బారు మొదలైంది. జనం ఆఫీసుల చుట్టూ తిరగడం కాదు, ఆఫీసరే జనం మధ్యకొచ్చి వినాలి. దర్బారు వెనకున్న ఆలోచన ఇదే.

కబురు చేరకపోతే ఏమవుతుందో ఇంద్రవెల్లి చెప్పింది. 1981 ఏప్రిల్ 20న గిరిజన రైతుకూలీ సంఘం సభ. సభకు అనుమతి లేదన్నారు. ఆ మాట దూరపు గూడేలకు చేరలేదు. జనం ఎప్పటిలాగే సంతకొచ్చినట్టు నడిచి వచ్చారు. పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్కలోనే 13 మంది చనిపోయారు. అసలు సంఖ్య అంతకంటే చాలా ఎక్కువని మనోళ్లు అంటారు. కాల్చినోళ్ల తప్పు కాల్చినోళ్లదే, దాన్ని మాఫీ చేయడం లేదు. కానీ చేరని కబురు ఎంత ప్రమాదమో అక్కడి స్తూపం దగ్గర నిలబడితే తెలుస్తుంది.

ఇంకో సంగతి. నార్నూర్ మండలం గుంజాలలో గోండి లిపి రాతప్రతులు దొరికాయి. సుమారు 1750 నాటివని పండితులు అంటారు. 2018లో ఆ గుంజాల గోండి లిపికి యూనికోడ్‌లో చోటు దక్కింది. అంటే కంప్యూటర్‌కు మన అక్షరాలు తెలుసు. అదే 2018లో మణికొండ మునిసిపాలిటీ అయింది. ఇక్కడి అద్దాల మేడల్లో కోడ్ రాస్తున్న మనమే ఇంటికి ఇంగ్లిష్ పీడీఎఫ్ పంపుతున్నాం. సిగ్గనిపించింది.

అందుకే ఆ ఆదివారం కొట్లాట ఆపి మూడు మాటలు అనుకున్నాం. ఒకటి, ఊరికి పంపే ఏ సంగతైనా గోండిలో వాయిస్ మెసేజ్‌గా పంపాలి. రెండు, ఒక్కో గూడేనికి ఒక్కరు బాధ్యత తీసుకుని ఫోన్ లేని ఇళ్లకు మనిషిని పంపాలి. మూడు, బొటనవేలు గుర్తు జవాబు కాదు. ఎవరికి చెప్పామో, వాళ్లు ఏమన్నారో తిరిగి గ్రూపులో రాయాలి.

ఎడ్లబండి చేసిన పని ఇదే. దానికి నెట్ లేదు, అయినా ఏ ఊరూ మిగిలిపోలేదు. మన చేతిలో ఫోనుంది. ఒక్క అవ్వ కూడా "నాకెవ్వలు చెప్పలే" అనకుండా చూసుకుందాం.

మీ గూడెంలో కబురు ఎట్లా తిరిగేదో పెద్దోళ్లనడిగి కింద రాయండి.