నలభై కిలోబైట్ల మారియో

సంవత్సరం 2019. మీరు పోర్ట్‌బ్లెయిర్‌లో కూర్చుని చెన్నైలోని మిత్రుడితో వీడియో గేమ్ ఆడుతున్నారనుకోండి. మీట నొక్కగానే ఆ సంకేతం 36,000 కిలోమీటర్ల ఎత్తునున్న భూస్థిర ఉపగ్రహానికి వెళ్లి కిందికి దిగాలి. కాంతివేగంతో వెళ్లినా పావు సెకను! జవాబుకు మరో పావు సెకను. ఈలోగా మీ వీరుడు హతం. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ ప్రారంభమయ్యేదాకా అండమాన్ దీవుల ఇంటర్నెట్‌కు ఉపగ్రహమే దిక్కు. (ఆ ఊరి పేరు 2024లో శ్రీ విజయపురంగా మారింది.)

పాత ఆటల అభిమానులది వట్టి చిన్ననాటి బెంగ అనేవారికి నేను ఈ దీవులనే చూపిస్తాను. పాత ఆటకు ఉపగ్రహంతో పనిలేదు, అంతా పెట్టెలోనే ఉంటుంది. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ మొత్తం 40 కిలోబైట్లు. సెకనుకు 2 మెగాబిట్ల వేగంతో అది సెకనులో ఆరోవంతులో దిగిపోతుంది. నేటి 100 గిగాబైట్ల ఆటకు నాలుగున్నర రోజులు చాలవు, లెక్కకట్టి చూడండి.

అంత చిన్న చోట అదెలా ఇమిడింది? అందులోని మబ్బునూ పొదనూ పోల్చండి. బొమ్మ ఒకటే, రంగు మార్చారంతే! ఆ పొదుపు బుద్ధి ఇండీ ఆటల్లో, అంటే పెద్ద కంపెనీల అండ లేకుండా కొద్దిమంది చేసేవాటిలో, ఇంకా కనిపిస్తుంది. 2016లో వచ్చిన స్టార్‌డ్యూ వ్యాలీని ఎరిక్ బరోన్ ఒక్కడే తయారుచేశాడు.

అభిమానుల మాటలన్నీ నేనొప్పుకోను. పాత ఆటల్లో చెత్తా ఉంది. కానీ అమెరికాలో 2010కి ముందు వెలువడిన ఆటల్లో 87 శాతం ఇప్పుడు అంగట్లో దొరకవని 2023లో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ అధ్యయనం తేల్చింది. వాటిని చూడాలంటే పాత క్యాసెట్లు దాచుకున్న అభిమానుల తలుపే తట్టాలి.