ప్రామాణిక నాయకత్వం: ఎమిరేట్స్ మహిళా వ్యాపారవేత్తలు

చెప్పే విలువలకూ చేసే పనికీ తేడా రానీయకుండా, నిర్ణయాల వెనుక కారణాలను దాచకుండా సంస్థను నడపడాన్ని ప్రామాణిక నాయకత్వం అంటారు. 2003లో వెలువడిన బిల్ జార్జ్ పుస్తకంతో ఈ భావనకు ప్రాచుర్యం పెరిగింది. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో దీనికి చక్కని ఉదాహరణ, నాగపూర్‌లో వైద్యం చదివి 1960లలో ఆ దేశానికి వెళ్లిన స్త్రీవైద్య నిపుణురాలు జులేఖా దావూద్. సరైన రోడ్లు కూడా లేని ఆ రోజుల్లో, కాన్పులు చేయడంతో ఆగక, వచ్చిన ప్రతి రోగినీ చూస్తూ పేరు తెచ్చుకున్న ఆమె 1992లో షార్జాలో, తర్వాత దుబాయ్‌లో ఆసుపత్రులు నెలకొల్పారు. పెట్టుబడికన్నా ముందే రోగుల నమ్మకం సమకూరడమే ఇందులో అసలు విశేషం. 2019లో ఆమెకు ప్రవాసీ భారతీయ సమ్మాన్ లభించింది. ఇక స్థానిక మహిళల్లో చూస్తే, పాఠశాల ప్రధానోపాధ్యాయినిగా పనిచేసి కుటుంబ వ్యాపారంలోకి వచ్చిన రాజా ఈసా అల్ గుర్గ్, 2002లో ఏర్పడిన దుబాయ్ వ్యాపార మహిళల మండలికి అధ్యక్షత వహించారు.