కోనసముద్రం ఉక్కు – కమ్మరి కొలిమి

నిజామాబాదు జిల్లా కోనసముద్రం ఉక్కును గురించి రాసినవారు మూసలను, పారశీక వర్తకులను విస్తారంగా వర్ణించారు. హెన్రీ వాయ్‌సీ వివరణ 1832లో కలకత్తా ఆసియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. అయితే మూసలో తయారైనది ఉక్కు ముద్ద మాత్రమే; దానిని కత్తిగా మార్చే పని కొలిమి దగ్గర మిగిలే ఉంటుంది. ఆ పని సులభం కాదు. ఇందులో కర్బనం సుమారు 1.5 శాతం. మామూలు ఇనుము మాదిరిగా తెల్లగా కాగనిచ్చి కొడితే అది సాగదు, ముక్కలవుతుంది. లండనులో కత్తులు చేసే జేమ్స్ స్టోడార్ట్ ఈ ఉక్కు పదునును మెచ్చి, ఆపైన ఫారడేతో కలిసి మిశ్రమలోహాలపై ప్రయోగాలు చేశాడు.

పెరటి కొలిమిలో ఉష్ణమాపకం ఉండదు. తోలుతిత్తులు, బొగ్గు, దాగలి, పట్టకారు, సుత్తి ఉంటాయి. లోహం ఎరుపు నుంచి నారింజకు తిరిగే కొద్దిసేపే దెబ్బ పడాలి. రంగు తగ్గితే మళ్లీ నిప్పులోకి. ఈ గుర్తింపు కమ్మరి కంటిది. ఉత్తర తెలంగాణ క్షేత్ర పరిశోధనల్లో మూసల పెంకులు, చిట్టెం దొరుకుతున్నాయి. సుత్తి ఎక్కడ ఆపాలన్నది మట్టిలో దొరకదు కనుక నేటి కమ్మరులను అడగవలసి వస్తుంది. వారిలో చాలామంది ఇప్పుడు కత్తికి, కొడవలికి వాడేది లారీ కమానుపట్టీలు. వాటిలో కర్బనం ఆ పాత ఉక్కులో సగమైనా ఉండదు.