కొనేవాళ్లను అడిగి చేద్దాం

మన సమాఖ్య ఆవకాయను ఇన్నేళ్లుగా నువ్వుల నూనెతోనే పెడుతున్నాం. ఖర్చు తగ్గుతుందని ఈ ఏడు వేరుశనగ నూనెకు మారదామనుకున్నాం. సమావేశంలో రుచి చూసి అందరం బాగుందన్నాం. మారేముందు ఒక పాత సంగతి తెలుసుకుందాం అక్కలారా.

కోకాకోలా 1886లో అమెరికాలోని అట్లాంటాలో పుట్టింది. పెప్సీ పోటీ పెరిగేసరికి కంపెనీవాళ్లు కొత్త రుచి తయారుచేసి, దాదాపు 2 లక్షల మందికి తాగించి చూశారు. ఎక్కువమంది కొత్తదే బాగుందన్నారు. 1985 ఏప్రిల్ 23న పాతది ఆపేసి కొత్తది దించారు. జనానికి కోపం వచ్చింది. జూన్ నాటికి కంపెనీకి రోజుకు 1,500 ఫోన్లు. 79 రోజులకే, జులై 11న, పాతది మళ్లీ తెస్తున్నామని చెప్పాల్సి వచ్చింది.

లోపం ఎక్కడ? అంతమందిని అడిగినా, అడిగింది రుచి గురించే. పాతది ఇక దొరకదంటే జనం ఏమంటారో ఆ రుచి పరీక్షల్లో తేలలేదు.

మనం లక్షల మందిని అడగలేం. ఊరికి పదిమందినైనా అడుగుదాం. కానీ వాళ్లు మన పచ్చడి కొనేవాళ్లై ఉండాలి. "బాగుందా?" అంటే మొహమాటానికి బాగుందనే అంటారు. పోయినేడు ఎన్ని సీసాలు కొన్నారు, నూనె మారితే కొంటారా, ఎంతకైతే కొంటారు అని అడగాలి. చెప్పింది చెప్పినట్టు పుస్తకంలో రాయాలి. ముందు కొన్ని సీసాలే పెట్టి సంతలో అమ్మి చూడాలి.

ఈసారి పచ్చడికి పెట్టేది బ్యాంకు లింకేజీ అప్పు. సీసాలు మిగిలిపోయినా కిస్తీ కట్టక తప్పదు కదా.