ఘంటసాల ‘భగవద్గీత’

ఘంటసాల వెంకటేశ్వరరావు (1922–1974) జీవితం చివరి రోజుల్లో హెచ్.ఎం.వి. సంస్థకు పాడిన సినిమాయేతర ఆల్బమ్ ‘భగవద్గీత’. శ్లోకం సంస్కృతంలో, తాత్పర్యం తెలుగులో. రెండూ ఆయన గొంతే. బాణీలూ ఆయనవే. రికార్డు బజారుకు వచ్చేనాటికి గాయకుడు లేడు. ఆయన పుట్టింది కృష్ణా జిల్లా చౌటపల్లిలో, స్థిరపడింది మద్రాసులో. అయినా ఈ ఆల్బమ్ వేళ్లు విజయనగరంలో, సాలూరులో, శ్రీకాకుళం జిల్లా కింతలిలో ఉన్నాయి. సినిమా చరిత్రలు ఆ సంగతిని ఒక్క వాక్యంలో దాటేస్తుంటాయి.

విజయనగరం మహారాజా సంగీత కళాశాల 1919లో మొదలైంది. తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. 1936లో ఆ బాధ్యత ద్వారం వెంకటస్వామినాయుడికి వచ్చింది. ఘంటసాల ఏ సంవత్సరంలో అక్కడ అడుగుపెట్టాడన్నదానిపై జీవితచరిత్రలు ఏకాభిప్రాయానికి రావు. 1930ల రెండో సగం అనుకోవడం సబబు. ఉంగరం ఎనిమిది రూపాయలకు అమ్ముకుని రైలెక్కాడన్న కథ మాత్రం దాదాపు అందరూ చెబుతారు. సెలవులకు కళాశాల మూసి ఉంటే నాయుడుగారు అక్కడే ఉండనిచ్చారనీ, తోటి విద్యార్థుల ఆకతాయితనం వల్ల ఆ నీడ కూడా పోయిందనీ, ఎల్లమ్మ గుడిలో తలదాచుకున్నాడనీ ఆ కథ కొనసాగుతుంది. చాలాసార్లు చెప్పిన కథకు మెరుగులు పడడం సహజం. తిండికి మధూకరం ఎత్తాడన్నది మాత్రం అనుమానించాల్సిన పని లేదు. వారాలూ మధూకరమూ ఆనాటి బీద విద్యార్థికి మామూలు సంగతులే.

ఇంట్లో ఉంచుకుని ఉచితంగా చదువు చెప్పినవారు గాత్ర విద్వాంసుడు పట్రాయని సీతారామశాస్త్రి. తండ్రి నరసింహశాస్త్రి ‘సాలూరు పెద గురువు’ అయితే ఈయన ‘చిన గురువు’. హార్మోనియం తానే వాయించుకుంటూ పాడడం శాస్త్రిగారి పద్ధతి. సాహిత్యార్థం చెడకుండా రాగాన్ని నడపడం ఆయన దగ్గర శిష్యుడికి అబ్బిన గుణంగా సంగీతజ్ఞులు చెబుతారు. పాతకాలపు స్టేజీ పద్యంలో ఆలాపన సాగీ సాగీ మాటను మింగేసేది. ఘంటసాల పద్యంలో మాట ముందు నడుస్తుంది, రాగం దాని వెంట వస్తుంది. ‘పుష్పవిలాపం’ రికార్డు విన్నవారికి ఇది వేరే చెప్పనక్కర్లేదు.

శాస్త్రిగారి కొడుకు పట్రాయని సంగీతరావు 1920లో పుట్టారు. ఊరు కింతలి అని ఎక్కువ కథనాలు. ఆయన మద్రాసు వెళ్లి, తండ్రి శిష్యుడికే సహాయకుడిగా, హార్మోనియం విద్వాంసుడిగా సుమారు రెండు దశాబ్దాలు పనిచేశారు. గురువు కొడుకు శిష్యుడి దగ్గర కొలువు చేయడం చాలా ఇళ్లలో పొరపొచ్చాలకు దారి తీసేదే. ఇక్కడ అలా జరిగిన దాఖలా లేదు.

1970లో ఘంటసాలకు పద్మశ్రీ, 1971లో యూరప్, అమెరికా కచేరీలు. 1972లో హైదరాబాదు రవీంద్రభారతిలో కచేరీ చేస్తుండగా గుండెనొప్పి వచ్చి ఆసుపత్రిలో చేరాల్సి వచ్చింది. గీత పాడాలన్న కోరిక ఆ జబ్బు తర్వాతే బలపడిందని చెబుతారు. అది పూర్తయ్యాక సినిమా పాటలు మానేయాలనుకున్నాడన్న మాట కూడా ఉంది. రికార్డింగు తేదీల విషయంలో రచనలు ఒకే మాట మీద లేవు. 1973 వైపు మొగ్గడం మేలు. 1974 ఫిబ్రవరి 11న ఘంటసాల మద్రాసులో కన్నుమూశాడు. వయసు 51. చివరి దశ అనడానికి చిన్న వయసే కానీ, అప్పటికి ‘స్వర్గసీమ’ (1945) నుంచి మూడు దశాబ్దాల పాట ఆయన వెనుక ఉంది.

గీతలోని 700 శ్లోకాల్లో నూటికి పైగా ఎంచుకున్నారు. 106 అన్నది ఎక్కువగా వినిపించే లెక్క. 108 అనేవారూ లేకపోలేదు. అసలు చిక్కు సంఖ్యలో లేదు, ఛందస్సులో ఉంది. గీతలో సింహభాగం అనుష్టుప్పు: పాదానికి ఎనిమిది అక్షరాలు. విశ్వరూప సందర్భం లాంటి చోట్లనే పదకొండు అక్షరాల త్రిష్టుప్పు వస్తుంది. వందసార్లు అదే నడక వినిపిస్తే పారాయణం అవుతుంది, సంగీతం కాదు. ఘంటసాల దీనికి కనిపెట్టిన ఉపాయం రాగమాలిక: శ్లోకంలోని భావాన్ని బట్టి రాగం మారుతుంది, మధ్యలో తాత్పర్యం చెవికి విశ్రాంతినిస్తుంది. గమకాలు పొదుపుగా ఉంటాయి. వాద్యాలు గొంతుకు అడ్డు రావు. సమాసం ఎక్కడ విరుగుతుందో సంస్కృతం రానివారికి కూడా తెలిసిపోతుంది. సినిమా అనుభవం మైకు ముందు ఒద్దికను నేర్పి ఉండవచ్చు. మాటను పట్టుకునే తీరు మాత్రం పట్రాయని ఇంటి చదువనిపిస్తుంది.

తెల్లవారుజామున గుడి మైకులో మొదలై, క్యాసెట్టు రోజుల్లో ఈ రికార్డు ఊరూరా పాకింది. తర్వాత చావు ఇళ్లలో, అంతిమయాత్ర వాహనాల మీద పెట్టడం ఆనవాయితీ అయింది. దాంతో ఇంట్లో ఊరికే పెడితే పెద్దవాళ్లు ‘ఆపరా’ అని కసిరే పరిస్థితి వచ్చింది. యుద్ధభూమిలో నిలబడ్డవాడికి చెప్పిన మాటలను పోయినవారి పక్కన మాత్రమే వినడం ఈ ఆల్బమ్‌కు జరిగిన అన్యాయమే.

జిల్లాల పేర్లతో ఒక తికమక ఉంది. రికార్డు వచ్చిన 1974లో విజయనగరం పట్నం విశాఖపట్నం జిల్లాలోది, సాలూరు శ్రీకాకుళం జిల్లాలోది. విజయనగరం జిల్లా ఏర్పడింది 1979లో. 2022 నుంచి సాలూరు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. పాత వ్యాసాల్లో ఊర్ల చిరునామాలు పొంతన కుదరకపోవడానికి కారణం ఇదే.

ఘంటసాల తర్వాత సంగీతరావు వెంపటి చినసత్యం కూచిపూడి నృత్యనాటకాలకు సంగీతం కూర్చారు. 2021లో, నూరేళ్లు నిండాక, చెన్నైలో మరణించారు.